నరసాపురం రేవులో పెద్ద చక్రాల బండి

మా మరదలు నాగమణి ఫోన్ చేసేసరికి నేను షాపులో ఎవరివో ఆధార్ కార్డులు జిరాక్సు తీస్తున్నాను. "బావగారూ, రాజమండ్రి దాకా నాకు తోడు రావాలండి. బండికి పెద్ద చక్రాలు వేయిద్దామనుకుంటున్నాను," అంది. నిడదవోలు స్టేషను దగ్గర నాది చిన్న జిరాక్సు షాపు. బండ్ల గురించి నాకు తెలిసిందల్లా వాటిలో కూర్చోవడమే. ఆ మాటే చెప్పాను.

"మీకు తెలియక్కర్లేదండి. ఆడమనిషి ఒక్కత్తీ వెళ్లి చక్రాల గురించి మాట్లాడితే షాపులో వాళ్లు నవ్వుతారు. మీరు పక్కన నిలబడితే చాలు."

నాగమణి నా భార్య పద్మకు చెల్లెలు. సఖినేటిపల్లి దాటాక అంతర్వేది వైపు, సముద్రపొడ్డున ఒక పల్లెలో ఉంటుంది. భర్త ధనరాజు పడవ మీద వేటకు వెళ్తాడు. ఆ ఒడ్డున దిగిన చేపలను నాగమణి కొని, ఐసు వేసి, సొంత పికప్ బండిలో నరసాపురం, పాలకొల్లు మార్కెట్లకు తీసుకెళ్తుంది. బండి నడిపేది తనే. ఆ చుట్టుపక్కల పల్లెల్లో బండి నాగమణి అంటే తెలియని వాళ్లు లేరు.

వాళ్ల ఊరు చూసి చాన్నాళ్లయింది, అక్కణ్ణుంచి బండిలోనే కలిసి వెళ్దామని మర్నాడు ఉదయం నరసాపురం ప్యాసింజరు ఎక్కాను. తణుకు, అత్తిలి దాటేవరకు కిటికీ పక్క సీటు దొరకలేదు. ఎదురుగా కూర్చున్నాయన భీమవరం రైతు, రొయ్యల చెరువులున్నాయట. నేను వెళ్తున్న పని విని ఆసక్తిగా ముందుకు వంగారు.

"మా అబ్బాయి కూడా జీపుకి వేయించాడండి పెద్ద చక్రాలు. చూడ్డానికి బాగానే ఉంటాది. మా ఆవిడ మాత్రం అంతెత్తు ఎక్కలేక ఇప్పుడు బస్సులో తిరుగుతోంది," అన్నారు. బోగీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

పదకొండు దాటాక నరసాపురంలో దిగి, షేర్ ఆటోలో రేవుకు చేరాను. అక్కడ గోదావరి దాటడానికి పంటు ఉంటుంది. పంటు అంటే ఇంజను పడవలు నడిపించే వెడల్పాటి ఇనుప తెప్ప. కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, మనుషులు, మేకలు అన్నీ దాని మీదే. ఒడ్డున సిమెంటు ఏటవాలు నీళ్ల దాకా దిగుతుంది. పంటు వచ్చి దానికి ఆనుకున్నాక ముందున్న ఇనుప పలకను కిందికి దించుతారు. బళ్లు ఆ పలక మీదుగా ఎక్కుతాయి. మనిషికి టికెట్టు ఒక టీ ధర కూడా ఉండదు. గాలి మాత్రం బాగా వేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లు మధ్యలో కాకుండా అంచున ఉన్న కడ్డీల దగ్గర నిలబడితే అవతలి ఒడ్డు కొబ్బరితోటలు బాగా కనిపిస్తాయి. నేనూ అలాగే నిలబడ్డాను.

నాగమణి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ సముద్రం వైపు చెయ్యి చూపించి, "బండి దిగబడిపోయిందండి, అంతా అక్కడే ఉన్నారు," అంది.

ఒడ్డుకు వెళ్లి చూసి నిలబడిపోయాను. పికప్ వెనక చక్రాలు సగం పైగా ఇసుకలో ఉన్నాయి. నాగమణి డ్రైవింగ్ సీట్లో ఉంది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు చీరలు ఎగదోపుకుని వెనక నుంచి భుజాలతో తోస్తున్నారు. ఆమె గేరు వేసి ఎక్సలేటరు తొక్కినప్పుడల్లా చక్రాలు తిరిగి ఇసుక వాళ్ల ముఖాల మీదికి కొడుతోంది. ఒకావిడ కళ్లు నలుపుకుంటూ పక్కకు వచ్చేసింది. బండిలోంచి ఐసు నీళ్లు ధారగా కారుతున్నాయి. పైన వంజరం చేపలు, కింద చందువాలు. ఎండ మాడుస్తోంది. నేనూ చొక్కా చేతులు మడిచి భుజం పెట్టాను. కొబ్బరి మట్టలు చక్రాల కింద వేసి, ఇసుక తవ్వి, మళ్లీ తోసి, ఎలాగో గట్టి నేల మీదికి తెచ్చాం.

బండి దిగి నాగమణి మొదట చేపలు చూసింది. పైవరసలో ఒక చేపను తీసి, మొప్ప ఎత్తి చూసి, మళ్లీ పెట్టేసింది.

"వారంలో మూడుసార్లు ఇదే వరసండి," అంది నాతో. "మొన్న ఒక లోడు మొత్తం వాసనొచ్చేసింది. మార్కెట్లో ఎవరూ ముట్టుకోలేదు. గోతిలో పూడ్చేశాను. వెడల్పు చక్రాలైతే ఇసకలో తేలతాయంట. ఫోన్లో వీడియోలు చూశాను."

ఆ సాయంత్రం ధనరాజు పడవ దిగి వచ్చాడు. పొడుగ్గా, తక్కువగా మాట్లాడే మనిషి. చక్రాల మాట ఎత్తితే, "బండి సంగతి నాకేం తెలుస్తాదండి బావగారూ. ఆవిడ చూసుకుంటాది," అని ఊరుకున్నాడు. చేపల పులుసుతో అన్నం తిని, బయట మంచం మీద సముద్రం హోరు వింటూ పడుకున్నాను.

తెల్లవారుతూనే బయల్దేరాం. రాజోలులో పెసరట్టు తిన్నాం. రావులపాలెంలో టీ తాగాం. ఖాళీ బండి కదా, నాగమణి హాయిగా నడిపింది. ఎదురుగా లారీ వచ్చినా స్టీరింగ్ మీద ఆమె వేళ్లు బిగుసుకోవు. నాకు కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి రాజమండ్రి. లాలాచెరువు దాటాక హైవే పక్కన ఉన్న టైర్ల షాపు ముందు ఆగాం.

అక్కడ మొదటిసారి అదిరిపోయాను. షాపు యజమాని దొర్లించుకొచ్చి నిలబెట్టిన టైరు నా తొడల పైదాకా వచ్చింది. పైన గళ్లు గళ్లుగా రబ్బరు దిమ్మలు, ఒక్కొక్కటి నా అరచేతిలో సగం. దాని పక్కన మా బండి పాత చక్రం పిల్లల సైకిలుది లాగా ఉంది.

"ఇది ఈ బండికి పడుతుందా?" అన్నాను.

"పట్టిస్తామండి. స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి బండి ఎత్తు లేపుతాం. ఇంకా ఎక్కడైనా తగిలితే కొంచెం కోస్తాం," అన్నాడాయన.

కోయడమంటే ఏంటో అప్పుడు చూశాను. ముందు చక్రాల పైన లోపలుండే ప్లాస్టిక్ తొడుగు పీకేశారు. మడ్‌గార్డు అంచును గ్రైండరుతో కోశారు. నిప్పురవ్వలు లేచి రోడ్డు దాకా పడుతున్నాయి. నాగమణి తన బండి వంక చూడలేక ఒక నిమిషం అటు తిరిగింది. తర్వాత మళ్లీ ఇటు తిరిగి, చక్రం బిగించాక దగ్గరికి వెళ్లి వంగి చూసింది. టైరుకీ బంపరు వెనక ఉన్న ఇనుప పట్టీకీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు.

"ఇక్కడ తగలదాండి?"

యజమాని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి చూపించాడు. "చూశారుగా, ఎక్కడా తగల్లేదు."

"లోడు వేస్తే?"

"లోడు వెనకాల కదండీ పడేది. ముందు వైపు ఏమవుద్ది? స్టీరింగ్ కొంచెం బరువుగా ఉంటాది. బ్రేకు కొంచెం ముందుగా తొక్కండి. రెండు రోజుల్లో అలవాటైపోద్ది."

నాగమణి నా వైపు చూసింది. నేను యజమాని వైపు చూసి తల ఊపాను. నేను వచ్చింది పక్కన నిలబడడానికే కదా, నిలబడ్డాను.

పాత చక్రాలు అక్కడే ఇచ్చేయమన్నారు గానీ నాగమణి ఒప్పుకోలేదు, బండి వెనక వేయించింది. షాపు ఎదురుగా ఉన్న మెస్‌లో భోంచేసి బయటికి వస్తే రోడ్డు మీద పోయేవాళ్లంతా మా బండినే చూస్తున్నారు. చక్రాలు బండి బాడీ దాటి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. నేను కేబిన్లోకి ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. భీమవరం రైతు గారి ఆవిడ గుర్తొచ్చారు.

తిరుగు ప్రయాణం రావులపాలెం దాకా వచ్చిన దారే. అక్కడ నుంచి సిద్ధాంతం వంతెన దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్లి, ఐసు వేసుకుని, నాగమణి పంటు మీద ఇంటికి వెళ్లాలి. నేను నరసాపురంలో రైలెక్కాలి. హైవే మీద పడ్డాక కేబిన్లో మాటలు వినబడలేదు. కింద నుంచి ఒకటే హోరు, తుమ్మెదల గుంపు వెంటపడ్డట్టు. పక్కనున్న చెట్లు మామూలుకంటే వేగంగా వెనక్కి పోతున్నాయనిపించింది. మీటరు అరవై చూపిస్తోంది. అనుమానం వచ్చి నా ఫోనులో మ్యాపు తెరిచి చూశాను. అది దాదాపు డెబ్బై చూపించింది.

"నాగమణీ, మీటరు తప్పు చెబుతోంది."

"ఏంటండి?"

"మనం వెళ్లేది అరవై కాదు. ఇంకా ఎక్కువ."

ఆమె ఫోను వంక చూసి, గబుక్కున కాలు తీసేసింది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుందని, బండికి ఆ సంగతి తెలియదని అప్పుడు ఇద్దరికీ తట్టింది. షాపులో ఎవరూ ఆ మాట అనలేదు. మార్టేరు దగ్గర గేదెలు అడ్డొస్తే నాగమణి బ్రేకు తొక్కింది. బండి ఆగింది గానీ, ఆమె ఆగుతుందనుకున్న చోట కాదు, ఇంకా ముందుకు వెళ్లి ఆగింది. చివర నడుస్తున్న దూడ మా అద్దం పక్కనుంచే పోయింది. తర్వాత పాలకొల్లు దాకా నాగమణి మెల్లగా నడిపింది.

నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిమ్మలు వేయించుకున్నాం. రైలుకు ఇంకా చాలా సమయం ఉంది. రేవు దాకా వచ్చి సాగనంపుతానన్నాను. మూడున్నరకు పంటు సిద్ధంగా ఉంది. అప్పటికే ఒక కారు, కొన్ని మోటారు సైకిళ్లు ఎక్కాయి. ఎడమ వైపు కడ్డీలకు ఆనుకుని ఒక ముసలావిడ ఎండురొయ్యల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. పంటు మనిషి మా చక్రాలు చూసి, "ఇదేంటమ్మా, ట్రాక్టరా?" అని నవ్వి, మధ్యలోకి రమ్మని చెప్పాడు.

నేను ముందుగా పంటు మీదికి వెళ్లి నిలబడి, రా రా అని చేత్తో సైగ చేశాను.

ఏటవాలు మీద బండి కొంచెం ఎడమకు తిరిగి దిగాలి. పలక దగ్గరకొచ్చాక తిన్నగా సర్దుకోవాలి. నాగమణి ఎన్నో వందలసార్లు చేసిన పని అది. బండి ఎడమకు తిరిగింది. ముందు చక్రాలు ఇనుప పలక అంచు ఎక్కి దిగాయి. బండి ముక్కు కిందికి వంగింది. టప్పుమని శబ్దం వచ్చింది. ఆ తర్వాత బండి తిన్నగా తిరగలేదు.

అద్దంలోంచి నాగమణి కనిపిస్తోంది. రెండు చేతులతో స్టీరింగ్ కుడికి లాగుతోంది. అది రావడం లేదు. ఆమె బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేసింది. తడిసిన ఇనుము మీద ఆ రబ్బరు దిమ్మలు ఆగలేదు, జారాయి. బండి నెమ్మదిగానే వస్తోంది. కానీ నేరుగా ఎడమ పక్క కడ్డీల మీదికి, ముసలావిడ మీదికి వస్తోంది.

నేను ఆవిడ జబ్బ పట్టుకుని లాగాను. ఎలా లాగానో తెలియదు. ఇద్దరం కారు పక్కన పడ్డాం. వెనకాల ఇనుము విరిగిన చప్పుడు. పంటు మొత్తం ఒక పక్కకు ఒరిగింది. మోటారు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తల ఎత్తి చూస్తే కడ్డీలు లేవు. బండి ముందు ఎడమ చక్రం గోదావరి మీద గాలిలో ఉంది. బండి పొట్ట పంటు అంచు మీద ఆనుకుని ఆగింది. ఎండురొయ్యలు నీళ్ల మీద పరుచుకుని పోతున్నాయి. వెనక ఐసు దిమ్మలు జారి కేబిన్‌కు కొట్టుకున్నాయి. ఆ దెబ్బకు బండి ఇంకొంచెం ముందుకు వంగింది.

"వెనక ఎక్కండి, వెనక బరువెయ్యండి," అని పంటు మనిషి కేక వేశాడు. దొరికిన వాళ్లందరూ వెనక తలుపు పట్టుకుని వేలాడారు. నేను కుడివైపు కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

నాగమణి కదల్లేదు. చేతులు ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాయి. ముఖం పాలిపోయింది.

"బావగారూ, ఆ మామ్మకి తగిలిందా?"

లేదు అని చెప్పాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. నిజంగా గొంతులోంచి శబ్దమే రాలేదు. అలాంటిది నా జీవితంలో ఎప్పుడూ జరగలేదు. తల అడ్డంగా ఊపాలన్న ఆలోచన కూడా రాలేదు. నాగమణి నా ముఖం చూసింది, చూసి కళ్లు మూసుకుంది. ఆమె ఏమనుకుందో నాకు తెలుస్తూనే ఉంది, అయినా నోరు పెగల్లేదు.

అప్పుడు నా వెనక నుంచి ముసలావిడే పలికింది. "నేనిక్కడే ఉన్నానే తల్లీ. నా బుట్టే పోయింది. నువ్వు ముందు దిగు."

నాగమణిని కుడి తలుపులోంచి దింపాం. దిగి రెండు అడుగులు వేసి, ముసలావిడ ముందు ఇనుము మీదే కూలబడి, ఆవిడ పాదాలు, మోకాళ్లు, చేతులు తడిమి చూసింది. ఏమీ కాలేదని చూసుకున్నాక కూడా తడుముతూనే ఉంది. ముసలావిడ పేరు చిట్టెమ్మ. కేశవదాసుపాలెంలో కూతురింటికి వెళ్తోందట.

రేవులో ఉన్న ట్రాక్టరుకు మోకు కట్టి, వెనక జనం వేలాడుతుండగా, బండిని ఏటవాలు మీదికి లాగారు. అప్పుడు ఆ చక్రం దగ్గరికి వెళ్లి చూశాం. బంపరు వెనక ఇనుప పట్టీ టైరు దిమ్మల మధ్య దిగబడి ఉంది. బండి ముక్కు వంగినప్పుడు ఆ రెండు వేళ్ల సందు కూడా లేకుండా పోయిందన్నమాట. పట్టీని గడ్డపారతో విడదీయాల్సి వచ్చింది. అరచేతంత రబ్బరు ముక్క ఊడి వచ్చింది.

నాగమణి షాపుకు ఫోన్ చేసింది. యజమాని అంతా విని, "లోడు ఎక్కువేశారేమోనండి," అన్నాడు. ఆమె ఫోన్ కట్ చేసి, రేవు పక్కన పంక్చర్లు వేసే అతన్ని పిలుచుకొచ్చింది. పాత చక్రాలు దింపించి, జాకీ పెట్టించి, నాలుగూ మార్పించింది. విరిగిన కడ్డీలు తనే బాగుచేయిస్తానని పంటు వాళ్లకు చెప్పింది. చిట్టెమ్మ గారితో, "మామ్మా, రేపు మా ఊరు రా. ఎండురొయ్యలు నీకెన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లు," అంది.

"వస్తానమ్మా, వస్తాను. ఇప్పుడు మాత్రం నీ బండి లేని పంటు ఎక్కుతాను," అంది చిట్టెమ్మ గారు. అక్కడున్న వాళ్లు నవ్వారు. నాగమణి నవ్వలేదు.

ఎవరు ఫోన్ చేశారో, ధనరాజు అవతలి ఒడ్డు నుంచి తర్వాతి పంటులో వచ్చాడు. లుంగీ మీదే వచ్చేశాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పక్కన పడేసిన పెద్ద చక్రాల వంక చూశాడు. నాగమణి ఏటవాలు గట్టు మీద కూర్చుని ఉంటే వెళ్లి పక్కనే కూర్చున్నాడు.

"రేపట్నుంచి బండి తారురోడ్డు మీదే ఆపు," అన్నాడు. "పడవ కాడ నుంచి పెట్టెలు నేను మోసుకొస్తాను."

"వేట నుంచి వచ్చి మళ్లీ మోస్తావా?"

"మోస్తాను."

అప్పటిదాకా రాని ఏడుపు నాగమణికి అప్పుడు వచ్చింది. నేను అటు తిరిగి గోదావరి వంక చూస్తూ నిలబడ్డాను.

ఐసు సగం కరిగిపోయింది. మిగిలిన దాంతోనే ఇద్దరూ బండి ఎక్కారు. నాగమణే నడిపింది. పంటు పలక మీదికి బండి దిగుతుంటే రేవులో ఉన్నవాళ్లంతా పక్కకు జరిగారు. ఈసారి ఎవరూ ముందు నిలబడి సైగ చేయలేదు. బండి తిన్నగా వెళ్లి మధ్యలో ఆగింది.

సాయంత్రం రైలు అందింది. బోగీ సగం ఖాళీ. పాలకొల్లులో ఎక్కిన ఒకాయన నా ఎదురుగా కూర్చుని, కాసేపు చూసి, "ఒంట్లో బాగాలేదాండి?" అన్నారు. సంచిలోంచి సీసా తీసి మంచినీళ్లు ఇచ్చారు. తాగాను.

ఆ దారిలో ఎవరైనా వెళ్తే, కొబ్బరితోటలు, గోదావరి గాలి, రాజోలు పెసరట్టు అన్నీ బాగుంటాయి. రేవులో మాత్రం బళ్లు ఎక్కేటప్పుడు వాటి ఎదురుగా నిలబడకండి, అంచున కూర్చోకండి. అన్నీ ఎక్కి ఆగాక మీరు ఎక్కండి. రెండు రోజుల్లో నేను చూసినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఆ బండి వచ్చిన తీరు. ప్రమాదమంటే దూసుకొస్తుందని అనుకునేవాణ్ణి. అది మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చింది. ఆపడానికి అందరికీ సమయం ఉన్నట్టే అనిపించింది. ఎవరమూ ఆపలేకపోయాం.

నిడదవోలులో దిగి ఇంటికి చేరాను. పద్మ అప్పటికే చెల్లెలితో మాట్లాడిందట. "చక్రాలు కుదర్లేదంట కదా, తీసేశారంట," అంది పళ్లెం పెడుతూ. నాగమణి అంతే చెప్పిందన్నమాట. నేను కూర్చున్నాను. ముద్ద కలిపాను, నోట్లో పెట్టుకోలేకపోయాను. మెల్లగా మొదలుపెట్టి అంతా చెప్పాను. చక్రం గాలిలో ఉండటం, బావగారూ అని నాగమణి అడగడం, నాకు మాట రాకపోవడం.

పద్మ సగంలోనే లేచి ఫోన్ తీసుకుంది. అవతల నాగమణి ఎత్తినట్టు తెలిసింది. పద్మ ఫోను చెవికి ఆనించుకుని గోడకు చేరగిలబడి నిలబడింది. ఏదో అనబోయి ఆగిపోయింది. చాలాసేపు అక్కాచెల్లెళ్లిద్దరూ అలాగే ఉన్నారు, ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.